ఉత్తర కిరీటానికి కాపలా: ఒక సీజన్ ప్రాజెక్టు డైరీ

అక్టోబర్ 2024

వానలు తగ్గాయి. జూన్ నుంచి గదిలో మూలన పెట్టిన 6 అంగుళాల డాబ్సోనియన్ టెలిస్కోప్‌ని మళ్లీ డాబా మీదికి చేర్చాను. అద్దాలు సరిగ్గా కుదిరాయో లేదో చూసుకుని, ఈ సీజన్ పట్టిక రాసుకున్నాను. మూడే నక్షత్రాలు: హంస మండలంలో ఎస్ఎస్ సిగ్ని, మిథునంలో యు జెమినోరమ్, ఉత్తర కిరీటంలో టి కరోనే బోరియాలిస్.

మూడూ ఉన్నట్టుండి వెలిగే చరతారలే, అంటే వెలుగు మారుతూ ఉండే నక్షత్రాలు. ఎస్ఎస్ సిగ్ని ఏడెనిమిది వారాలకోసారి, యు జెమినోరమ్ ఇంచుమించు వంద రోజులకోసారి లేస్తాయి. టి కరోనే ఎనభై ఏళ్లకోసారి. 1866 మే 12న, 1946 ఫిబ్రవరి 9న పేలింది. 1946 పేలుడుకు సుమారు ఏడాది ముందు అది కొంచెం మసకబారింది. 2023లో మళ్లీ అలాంటి మసకే కనబడేసరికి 2024 సెప్టెంబర్ లోపు పేలవచ్చని అంచనాలు వచ్చాయి. సెప్టెంబర్ వెళ్లిపోయింది. నక్షత్రం 10వ మాగ్నిట్యూడ్ దగ్గర అలాగే ఉంది. కొత్తగా చదివేవాళ్ల కోసం ఒక మాట: మాగ్నిట్యూడ్ అంకె పెరిగేకొద్దీ వెలుగు తగ్గుతుంది. మామూలు కంటికి మంచి చీకట్లో 6 దాకా కనబడతాయి.

ఈ పనిలో ముగ్గురం ఉన్నాం. నేను పాలమూరులో సబ్‌స్టేషన్ ఆపరేటర్‌ని, షిఫ్టుల ఉద్యోగం. రెండు వీధుల అవతల ఉండే మా మేనకోడలు డిగ్రీ ఫిజిక్స్ చదువుతోంది. తన దగ్గర పాత డీఎస్ఎల్ఆర్ కెమెరా ఉంది. మా తోడల్లుడిది అచ్చంపేట అవతల నల్లమల అంచున ఉన్న ఊరు. అతని దగ్గరున్నది 10×50 బైనాక్యులర్ ఒక్కటే, కానీ మా ఇద్దరికీ లేని చీకటి అక్కడుంది. మా డాబా నుంచి నా టెలిస్కోప్‌లో 11.5 దాటి కనబడటం కష్టం. వాళ్ల చేలో అదే టెలిస్కోప్ పెడితే 12.5 దాకా వెళ్తుంది.

పెట్టుకున్న నియమం ఇది: ఆకాశం తెరిపిగా ఉన్న ప్రతి రాత్రీ, కనబడే వేళలో ఉన్న ప్రతి నక్షత్రానికీ ఎవరో ఒకరి నమోదు ఉండాలి. నక్షత్రం కనబడకపోతే ఆ మాటే రాయాలి. ఎంత మసక నక్షత్రం దాకా చూడగలిగామో దానితోపాటు చెప్పాలి. చరతారల పరిశీలకుల సంఘం ఏఏవీఎస్ఓ 1911 నుంచి ఇలాంటి నమోదులు సేకరిస్తోంది. వాళ్ల ఫారంలో ఇందుకు ‘<’ గుర్తు వాడతారు. ‘<11.4’ అంటే, 11.4 నక్షత్రం కనబడింది, మనం వెతికేది దానికంటే మసకగా ఉండి కనబడలేదు అని.

“ఏమీ కాలేదని రాయడానికి రాత్రంతా మేలుకోవాలా అన్నా?” అని తోడల్లుడు ఫోన్లో అడిగాడు. అతనికి 1866 సంగతి చెప్పాను. ఐర్లండ్‌లో ట్యూమ్ అనే ఊళ్లో జాన్ బర్మింగ్‌హామ్ రాత్రి ఇంటికి నడిచి వెళ్తూ కిరీటంలో కొత్త నక్షత్రం చూశాడు. అప్పటికే అది 2వ మాగ్నిట్యూడ్‌లో ఉంది. అదే రాత్రి, దానికి కొన్ని గంటల ముందు, ఏథెన్స్‌లో యూలియస్ ష్మిట్ ఆకాశంలో ఆ భాగాన్నే చూశాడు. అతనికి కొత్తగా ఏదీ కనబడలేదు. టి కరోనే రోజుల తరబడి మెల్లగా పెరగదని, కొన్ని గంటల్లోనే ఎగబాకుతుందని మనకు తెలిసింది ఆ రెండు పరిశీలనలనూ పక్కపక్కన పెడితేనే. బర్మింగ్‌హామ్‌ది ఒక్కటే ఉంటే ఆ వేగం తెలిసేది కాదు. ష్మిట్ లాంటివాళ్లం కావడమే మన పని అన్నాను. “అట్లయితే రాస్త” అన్నాడు.

ఇంకో కారణం మన దేశం ఉన్న చోటు. వేసవి నెలల్లో, జపాన్‌లో తెల్లవారిన తర్వాత, పడమటి యూరప్‌లో చీకటి పడకముందు కొన్ని గంటలు ఉంటాయి. ఆ గంటల్లో మన ఆకాశం చీకటిగా ఉంటుంది. గంటల్లో ఎగబాకే నక్షత్రానికి ఆ సమయం చాలా విలువైనది.

నవంబర్

టి కరోనే పడమర అంచుకు దిగిపోయింది. నెల మధ్యకొచ్చేసరికి చీకటి పడగానే కాసేపు కనబడి అస్తమిస్తోంది. ఇక ఎస్ఎస్ సిగ్ని మీదే ధ్యాస.

దీన్ని పట్టుకోవడానికి నా దారి: హంస మండలంలో అన్నిటికంటే వెలుగైన డెనెబ్ నుంచి తూర్పుకి జరిగి రో సిగ్ని దగ్గర ఆగుతాను. అక్కడి నుంచి 75 సిగ్ని. దానికి ఈశాన్యంగా అర డిగ్రీ దూరంలోనే మన నక్షత్రం. అక్కడ చార్టు చేతిలోకి తీసుకుంటాను. ఏఏవీఎస్ఓ చార్టుల్లో పోలిక నక్షత్రాల (వెలుగు ముందే తెలిసిన, మారని నక్షత్రాల) పక్కన వాటి మాగ్నిట్యూడ్ ఉంటుంది, కానీ దశాంశ చుక్క ఉండదు. 85 అని ఉంటే 8.5 అని చదువుకోవాలి. చుక్క పెడితే దాన్ని కూడా నక్షత్రమనుకునే ప్రమాదం ఉంది కనుక తీసేశారు. మన నక్షత్రం కంటే కొంచెం వెలుగున్నదొకటి, కొంచెం మసకది ఒకటి ఎంచుకుని, రెండింటి మధ్య ఇది ఎక్కడ నిలుస్తుందో పదో వంతుల్లో చెప్పాలి. ఇంతే పద్ధతి. అలవాటైన కన్ను దీంతో 0.1, 0.2 తేడాలోపే చెప్పగలుగుతుంది.

అంచనా పంపేదాకా ఇతరుల అంకెలు చూడకూడదని, ఒకరితో ఒకరం ఫోన్లో మాట్లాడుకోకూడదని మేం ముగ్గురం అనుకున్నాం. ముందే 8.6 అని విన్న కన్నుకి 8.6 తప్ప ఇంకోటి కనబడదు. ఈ నియమాన్ని నేను చాలా గట్టిగా పట్టుకుంటాను. సరిపోలకపోయినా ఫరవాలేదు, రెండు కళ్లు వేరువేరుగా చూసినవి కావాలి.

తేదీ రాయడానికి జూలియన్ రోజు వాడతాం. అది గ్రీనిచ్ మధ్యాహ్నం 12కి మొదలవుతుంది, అంటే మనకు సాయంత్రం 5:30. మన రాత్రి మొత్తం ఒకే అంకె కిందికి వస్తుంది, అర్ధరాత్రి తేదీ మారే గొడవ లేదు. 2025 జనవరి 1 సాయంత్రానికి అది 2460677 అవుతుంది.

నెల సగం దాకా ఎస్ఎస్ సిగ్నికి వరసగా ‘<’ గుర్తులే. మా డాబా మీంచి 12వ మాగ్నిట్యూడ్ అందదు కనుక ఇది అనుకున్నదే. తర్వాత రెండు రాత్రులు బంగాళాఖాతంలో అల్పపీడనం, మబ్బులు. మబ్బు విడిన రాత్రి ఐపీస్‌లో 75 సిగ్ని పక్కకి జరగ్గానే, అంతకుముందు ఖాళీగా ఉన్న చోట నక్షత్రం ఉంది. గుండె ఝల్లుమంది. వెంటనే అంకె రాయబుద్ధి వేసినా ఆగి, చార్టు తిప్పి చూసుకుని, చుట్టూ ఉన్న చిన్న త్రికోణాలు కలిశాయని రూఢి చేసుకున్నాకే పోలిక నక్షత్రాల దగ్గరికి వెళ్లాను. 8.7 అని రాశాను. మేనకోడలు వాళ్ల డాబా మీంచి బైనాక్యులర్‌తో చూసి తనది తాను పంపింది. పంపాకే ఫోన్ చేసింది. “మామా, ఎంత పెట్టినవ్?” 8.7 అన్నాను. తనది 8.6.

అసలు అక్కడ జరిగేది ఏమిటంటే, ఎస్ఎస్ సిగ్ని జంట నక్షత్రం. ఒకటి శ్వేత కుబ్జం, అంటే ఇంధనం అయిపోయి కుంచించుకుపోయిన నక్షత్రం, రెండోది దానికంటే చల్లని మామూలు నక్షత్రం. ఆరున్నర గంటల్లో ఒకదాని చుట్టూ ఒకటి తిరిగేస్తాయి. చల్లని నక్షత్రం నుంచి హైడ్రోజన్ జారి శ్వేత కుబ్జం చుట్టూ తిరిగే చక్రంలో చేరుతూ ఉంటుంది. చక్రం చల్లగా ఉన్నంతకాలం ఆ వాయువు అక్కడే పోగవుతుంది. ఒక హద్దు దాటి వేడెక్కితే హైడ్రోజన్ అయనీకరణం చెందుతుంది (అణువుల నుంచి ఎలక్ట్రాన్లు విడిపోతాయి), చక్రంలో రాపిడి పెరుగుతుంది. అప్పటిదాకా ఆగిన సరుకంతా, చెరువు నిండి మత్తడి దుంకినట్టు, ఒక్కసారిగా లోపలికి దిగుతుంది. దిగేటప్పుడు విడుదలయ్యే శక్తే మనం చూసే వెలుగు. ఒకటి రెండు రోజుల్లో పైకి లేస్తుంది, వారం రెండు వారాల్లో మళ్లీ 12కి జారుతుంది. సరుకు చక్రంలో ఆగి ఒక్కసారిగా దిగుతుందన్న మూల ఆలోచనను జపాన్ శాస్త్రవేత్త యోజి ఒసాకి 1974లో చెప్పాడు.

ఈ సిద్ధాంతం ఒక దశలో చిక్కులో పడింది. హబుల్ టెలిస్కోప్ కొలత ప్రకారం ఎస్ఎస్ సిగ్ని 520 కాంతి సంవత్సరాల దూరంలో ఉందని తేలింది. అంత దూరంలో ఉండి ఇంత వెలుగుతో కనబడాలంటే చక్రంలోకి చేరే వాయువు చాలా ఎక్కువై ఉండాలి. అంత వాయువు చేరుతుంటే చక్రం చల్లబడే వీలే లేదు, ఇలా లేచి పడే వీలూ లేదు. తప్పు సిద్ధాంతానిదా, కొలతదా? రేడియో టెలిస్కోపులతో మళ్లీ కొలుద్దామంటే ఈ నక్షత్రం పేలినప్పుడు తప్ప రేడియో తరంగాలు సరిగా ఇవ్వదు. అది ఎప్పుడు లేస్తుందో ఎదురుచూస్తూ పెద్ద టెలిస్కోపులు ఖాళీగా కూర్చోలేవు. ఖగోళవేత్త జేమ్స్ మిల్లర్-జోన్స్ బృందం ఏఏవీఎస్ఓ ఔత్సాహికులను అడిగింది. వాళ్లు లేచిందని చెప్పగానే రేడియో టెలిస్కోపులు అటు తిరిగాయి. 2013లో వచ్చిన జవాబు సుమారు 370 కాంతి సంవత్సరాలు. సిద్ధాంతం నిలబడింది. తమ డాబాల మీంచి, పెరళ్లలోంచి అంకెలు పంపినవాళ్లు లేకపోతే ఆ కొలత జరిగేది కాదు. మేనకోడలికి ఇది చెప్పినప్పుడు తన కళ్లు మెరిశాయి. నాకూ ఎన్నిసార్లు చెప్పినా తనివి తీరదు.

డిసెంబర్

తోడల్లుడి వంతు. యాసంగి వేరుశనగ మీదికి అడవి పందులు దిగుతున్నాయి కనుక అతను రాత్రుళ్లు మంచె మీదే ఉంటున్నాడు. టి కరోనే ఇప్పుడు తెల్లవారుజామున నాలుగింటికి ఈశాన్యంలో లేస్తోంది. ఐదూ ఐదున్నర మధ్య, తెల్లవారకముందు, చూడటానికి సరిపోయేంత ఎత్తుకు వస్తుంది. స్వాతి నక్షత్రం అతనికి చిన్నప్పటి నుంచీ తెలుసు. స్వాతి నుంచి కిందికి, ఎడమవైపు వస్తే అర్ధవలయంగా కిరీటం. అందులో వెలుగైనది అల్ఫెక్కా, 2.2. చివరికి వస్తే ఎప్సిలాన్, 4.1. దానికి డిగ్రీ దూరంలోనే టి కరోనే. ఎప్సిలాన్ పక్కన మామూలు కంటికి ఇంకే నక్షత్రమూ కనబడకపోతే పేలనట్టే. అతను చేయాల్సిన పని అంతే: కిరీటాన్ని చూసి, ఎప్సిలాన్ పక్కన కొత్తది లేదని నిర్ధారించుకుని, టైము రాయడం. డెల్టా 4.6 కనబడుతుంటే ‘<4.6’ అని.

మెసేజ్‌లు క్రమం తప్పకుండా వస్తున్నాయి. ఒక్కోసారి రెండే మాటలు: “5:10. లేదు.” అతని పరిశీలనలు మా మొత్తం ప్రాజెక్టులో అత్యంత విలువైనవని నా నమ్మకం. సూర్యుడికి దగ్గరగా ఉన్న ఈ వారాల్లో టి కరోనేని తెల్లవారుజామున చూసేవాళ్లు తక్కువ.

అతనికి రెండు కథలు చెప్పాను. 1946లో ఈ నక్షత్రం పేలినప్పుడు మొదట చూసినవాళ్లలో సోవియట్ యూనియన్‌కి చెందిన కమెన్‌చుక్ అనే రైల్వే లైన్‌మన్ ఉన్నాడు. టెలిస్కోప్ లేదు, కిరీటం ఆకారం మాత్రం మనసులో ఉంది. రెండో కథ అమెరికాలో ఒహాయో రాష్ట్రపు రైతుబిడ్డ లెస్లీ పెల్టియర్‌ది. స్ట్రాబెర్రీలు కోసిన కూలి డబ్బుతో మొదటి టెలిస్కోప్ కొనుక్కున్న మనిషి. తర్వాత లక్షకు పైగా చరతార అంచనాలు పంపాడు. పాతికేళ్లు టి కరోనేని కనిపెట్టుకుని ఉన్నాడు. 1946 ఫిబ్రవరిలో ఒక రాత్రి రెండున్నరకు లేచాడు, జలుబు చేసేలా ఉందని మళ్లీ పడుకున్నాడు. ఆ రాత్రే అది పేలింది. తోడల్లుడు ఈ కథ విని కాసేపు మాట్లాడలేదు. “పాపం, అంత చూసి...” అన్నాడు.

జనవరి 2025

యు జెమినోరమ్ నడినెత్తిన ఉంది. ఉన్న చోటు పునర్వసు జంటకి దిగువన, ఆగ్నేయంగా. మామూలుగా 14 దగ్గర ఉంటుంది కనుక మా ఎవరికీ అందదు. లేస్తే 9 దాకా వస్తుంది. ఈ నెలంతా ‘<11’, ‘<11.4’. మంచు కురిసిన రాత్రి టెలిస్కోప్ గొట్టం మీంచి నీళ్లు కారాయి, అద్దం మసకబారి ‘<10.5’తో ఆపేశాను.

ఇలా కనబడని నక్షత్రం గురించి రాసిన రోజున నాకు దీని చరిత్ర తోడుంటుంది. ఈ రకం పేలుళ్లలో మొట్టమొదట తెలిసింది యు జెమినోరమే. జాన్ రస్సెల్ హైండ్ 1855 డిసెంబర్‌లో కనుక్కున్నాడు. మరుసటి ఏడాది అది మళ్లీ వెలగడం చూసినవాడు నార్మన్ పాగ్సన్. మనం వాడే మాగ్నిట్యూడ్ కొలమానాన్ని, అంటే 5 మాగ్నిట్యూడ్ల తేడా వెలుగులో సరిగ్గా వంద రెట్లు అన్న లెక్కని, అదే 1856లో ప్రతిపాదించింది ఆయనే. 1861లో మద్రాసు అబ్జర్వేటరీకి వచ్చి, చనిపోయేదాకా అక్కడే పనిచేశాడు. అదే అబ్జర్వేటరీలో చింతామణి రఘునాథాచారి 1867లో ఆర్ రెటిక్యులి అనే చరతారను కనుక్కున్నాడు.

ఆ తర్వాత రాధాగోవింద చంద్ర. బెంగాల్‌లోని జెస్సోర్‌లో ఖజానా ఉద్యోగి. చిన్న టెలిస్కోప్‌తో 1918లో అక్విలా నోవాను, అంటే గరుడ మండలంలో ఉన్నట్టుండి వెలిగిన నక్షత్రాన్ని, సొంతంగా పట్టుకున్నాడు. 1919 నుంచి 1954 దాకా ఏఏవీఎస్ఓకి వేల కొద్దీ అంచనాలు పంపాడు. వాళ్లు మెచ్చి 6 అంగుళాల టెలిస్కోప్ ఓడలో పంపించారు. ఆయన తర్వాత అది ఖగోళవేత్త వేణు బప్పు చేతికి వచ్చి, తమిళనాడులోని కావలూరు అబ్జర్వేటరీ చేరింది. వేణు బప్పు తండ్రి హైదరాబాద్ నిజామియా అబ్జర్వేటరీలో పనిచేసినవాడే. ఉద్యోగం చేసుకుంటూ రాత్రుళ్లు ఈ పని చేయడానికి నాకు ఆదర్శం ఎవరని అడిగితే చంద్ర పేరే చెబుతాను.

ఫిబ్రవరి

కెమెరా పని మొదలైంది. ఇదంతా మేనకోడలిదే. డీఎస్ఎల్ఆర్‌కి 135 మి.మీ. లెన్స్, చిన్న మోటార్ ట్రాకర్ మీద, 30 సెకన్ల ఎక్స్‌పోజర్లు. ఫోకస్ కావాలనే కాస్త తప్పిస్తుంది. అప్పుడు నక్షత్రపు వెలుగు కొన్ని పిక్సెల్స్ మీద పరుచుకుంటుంది, ఏ ఒక్కటీ నిండిపోదు. రా ఫైళ్లలోంచి (కెమెరా ఏ మార్పూ చేయకుండా దాచిన ఫొటోల్లోంచి) ఆకుపచ్చ పిక్సెల్స్ మాత్రమే తీసుకుంటుంది, ఎందుకంటే అవి కంటికి, వెలుగు కొలతలకు ఖగోళవేత్తలు వాడే ప్రామాణిక వి ఫిల్టర్‌కి దగ్గరగా ఉంటాయి. నివేదికలో దీన్ని ‘టీజీ’ అని పంపాలి. కెమెరా, లెన్స్‌ల సొంత లోపాలను కొలతలోంచి తీసేయడానికి లెన్స్ మూత పెట్టి డార్క్ ఫ్రేములు, తెల్లని సమమైన వెలుగులో ఫ్లాట్లు తీస్తుంది. పోలిక నక్షత్రంతోపాటు చెక్ స్టార్ ఒకటి పెట్టుకుంది. దాని అసలు విలువ ముందే తెలుసు కనుక మన కొలత దానికి ఎంత దగ్గరగా వస్తే మిగతాదాన్ని అంత నమ్మొచ్చు. మొదట్లో తేడా 0.1 ఉండేది. ఫ్లాట్లు సరిగ్గా తీయడం మొదలుపెట్టాక 0.04 లోపుకి దిగింది.

ఇది నాకెందుకు ముఖ్యమంటే, టి కరోనే కూడా జంటే, అందులో పెద్ద నక్షత్రం ఎర్ర దిగ్గజం, అంటే బాగా ఉబ్బిన చల్లని నక్షత్రం. ఎర్ర నక్షత్రాన్ని కన్ను తదేకంగా చూస్తే క్షణక్షణానికీ ఇంకా వెలుగైనట్టు తోస్తుంది. అందుకే నేను దాన్ని చటుక్కున చూసి చటుక్కున చూపు తిప్పుకుని అంచనా వేస్తాను. కెమెరాకి ఆ బాధ లేదు. 227 రోజులకు ఒకసారి జరిగే ప్రదక్షిణలో ఆ దిగ్గజం, పక్కనున్న శ్వేత కుబ్జం లాగుడుకి సాగిన ఆకారంలో, కొన్నిసార్లు పక్కకి కొన్నిసార్లు ముందుకి తిరుగుతుంది. దాంతో వెలుగు ప్రదక్షిణకి రెండుసార్లు కాస్త పెరిగి తగ్గుతుంది. ఈ చిన్న అల మా కెమెరా అంకెల్లో కనబడాలన్నది తన లక్ష్యం. ఇంకా కొన్ని నెలల అంకెలు కావాలి.

మార్చి

మార్చి 27న టి కరోనే పేలుతుందని వార్తలు. కక్ష్యాకాలానికి పాత పేలుళ్ల తేదీలకు మధ్య లెక్క కట్టి ఒక ఫ్రెంచ్ ఖగోళవేత్త సూచించిన తేదీ అది. ఆ లెక్క నాకు బలంగా అనిపించలేదు. రెండు పేలుళ్లే స్పష్టంగా తెలిసినప్పుడు వాటి మధ్య గుణిజాలు కుదరడం పెద్ద సాక్ష్యం కాదు. కానీ జనం ఆసక్తి మంచిదే. ఉగాదికి మూడు రోజుల ముందు, అమావాస్య దగ్గరపడి ఆకాశం నల్లగా ఉంది. వీధిలో పిల్లలు డాబా నిండా చేరారు. తొమ్మిదిన్నర తర్వాత కిరీటం లేచింది. ఎప్సిలాన్ చూపించి, పక్కన ఏమీ లేదని వాళ్లతోనే చెప్పించి, ఆ అంకె వాళ్ల ముందే పంపాను. ఒక పిల్లవాడు “రేపు కూడా రావచ్చా సార్?” అన్నాడు. వచ్చాడు కూడా.

ఈ నక్షత్రంలో పేలుడు ఎస్ఎస్ సిగ్నిలోని లాంటిది కాదు. ఇక్కడ హైడ్రోజన్ శ్వేత కుబ్జం ఉపరితలం మీదే పేరుకుని, అడుగున ఒత్తిడి, వేడి హద్దు దాటినప్పుడు కేంద్రక సంలీనం (హైడ్రోజన్ కేంద్రకాలు కలిసిపోయి శక్తినిచ్చే చర్య) అంటుకుంటుంది. ఆ పొర ఎప్పుడు అంటుకుంటుందో తేదీతో చెప్పగలిగే స్థితి ఇంకా రాలేదు. ఆర్ఎస్ ఓఫియూచి అనే ఇంకో నక్షత్రానిదీ ఇదే తరహా. 2021 ఆగస్టు 8న అది పేలినప్పుడు మొదట చూసింది ఐర్లండ్, బ్రెజిల్ వంటి దేశాల ఔత్సాహికులే. వాళ్ల కబురుతోనే అంతరిక్షంలోని, నేల మీది పరికరాలు అటు తిరిగాయి. నమీబియాలోని హెస్ టెలిస్కోపులు దాన్నుంచి అత్యధిక శక్తి గామా కిరణాలను పట్టుకున్నాయి.

ఏప్రిల్

వేరుశనగ పీకడం అయిపోయింది, తోడల్లుడు మంచె దిగాడు. కిరీటం ఇప్పుడు రాత్రి ఎనిమిదింటికే తూర్పున లేస్తోంది కనుక ఇంటి ముందు మంచం మీంచి చూస్తున్నాడు. ఎస్ఎస్ సిగ్ని తెల్లవారుజాము వైపు వచ్చింది. దాని సీజన్ గ్రాఫ్ మేనకోడలు గీసింది: ‘<’ గుర్తుల వరస మధ్యలో లేచిన కొండలు. మబ్బు పట్టిన చోట్ల ఖాళీలు. ఆ ఖాళీల్లో ఇతర దేశాలవాళ్ల చుక్కలు కలిపితే గీత తెగకుండా వచ్చింది. 1896లో లూయిజా వెల్స్ హార్వర్డ్ ఫొటో ప్లేట్ల మీద ఈ నక్షత్రాన్ని కనుక్కున్నప్పటి నుంచి దీని గీతను పరిశీలకులు తెగనివ్వలేదు.

ఇప్పుడు వానాకాలం ప్రణాళిక. టి కరోనే జూన్‌లో నడినెత్తిన ఉంటుంది, మబ్బులూ అప్పుడే. టెలిస్కోప్ అవసరం లేదు, మబ్బు చీలికలో పది సెకన్లు చాలు. అల్ఫెక్కా, ఎప్సిలాన్ కనబడితే ఆ చూపుని నమోదు చేయాలి. పేలితే చేయాల్సినవి కూడా రాసి పెట్టుకున్నాం. ముందు ఇద్దరు వేరువేరుగా చూసి ఖాయం చేయాలి. వెంటనే ఏఏవీఎస్ఓకి కబురు. మొదటి రాత్రి పావుగంటకో అంచనా: 2 చుట్టుపక్కల ఉంటే అల్ఫెక్కాతో, తగ్గుతుంటే బీటా 3.7తో, తర్వాత ఎప్సిలాన్, డెల్టాలతో పోల్చాలి. అంత వెలుగైతే కెమెరా ఎక్స్‌పోజర్ సెకనుకి తగ్గించాలి. మామూలు కంటికి వారం లోపే మాయమవుతుంది, కానీ పని ఆగదు. 1866లోనూ 1946లోనూ మూడు నెలలు దాటాక అది రెండోసారి, 8 దాకా, లేచింది. ఆ రెండో లేపు ఎందుకన్నది ఇంకా చర్చలోనే ఉంది కనుక అప్పటి అంకెలు ఇంకా ఎక్కువ కావాలి.

నా నైట్ డ్యూటీల పట్టిక ఇద్దరికీ పంపాను. నేను సబ్‌స్టేషన్‌లో ఉన్న రాత్రుల్లో పాలమూరు ఆకాశం మేనకోడలిది, ఇక్కడ మబ్బు పడితే అచ్చంపేటకి ఫోన్ చేయాల్సిందీ తనే.